నేల ఉసిరి పేరు పైకి చెప్పినందుకు

దాని పేరు నేల ఉసిరి. ముందే చెప్పేస్తున్నాను. పేరు పైకి అంటే మందు చెడిపోతుందని మా ఇంట్లో తరాల తరబడి నమ్మారు. చెడిపోతే చెడిపోనీ. ఆ పేరు ఒక్కసారి గట్టిగా అన్నందుకు పదేళ్ల వయసులోనే చెంపదెబ్బ తిన్నదాన్ని, నెత్తి నెరిసిన ఈ వయసులో ఇంకెవరికి భయపడాలి?

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా అన్న ఒక పోస్టు పెట్టాడు. పైన మా అవ్వ ఫొటో, కింద ఒక మొక్క ఫొటో, మధ్యలో నాలుగు పేరాల రాత. 'మా అవ్వ నా ఒక్కడి చెవిలో చెప్పిన విద్య' అట. 'పచ్చకామెర్లకు ఇంతకు మించిన ఔషధం లేదు' అట. 'నా తర్వాత నా కుమారునికి అప్పగిస్తాను' అట. కింద మా వాళ్లందరూ వరసగా దండాల బొమ్మలు పెట్టారు. నేను కళ్లద్దాలు తెచ్చుకుని, ఆ మొక్కను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను.

అది నేల ఉసిరి కాదు, వెంపలి. కొమ్మకు సన్నటి చిక్కుడు పిందెల్లాంటి కాయలు కూడా వేలాడుతున్నాయి. అవ్వ పోయి ఇన్నేళ్లయింది, మా అన్నకు బట్టతల వచ్చింది, కొడుకు ఎదిగాడు. ఆ మొక్క ఏదో మాత్రం వాడికి ఈనాటికీ తెలియదు. ఆనాడూ తెలియదు. తెలిసింది నాకు. కాబట్టి ఆనాటి సంగతి నేనే చెప్పాలి.

మాది ఉదయగిరి కొండ కింద, వరికుంటపాడు పోయే దారిలో ఒక పల్లె. వాన పడితే సజ్జ, కంది, పడకపోతే మేకలు, గొర్రెలు. మా ఇంటివాళ్లం ముత్తాత కాలం నుంచి చర్చికి పోయేవాళ్లం. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, పచ్చకామెర్లకు పసరు ఇచ్చేది. కలిగిరి వైపు నుంచి కూడా కళ్లు పసుపు ముద్దలైన మనుషుల్ని బస్సెక్కించి తెచ్చేవాళ్లు. అవ్వ ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆఖరికి తాంబూలం కూడా ముట్టేది కాదు.

మందు ఆదివారమే మొదలుపెట్టాలి. ఎందుకే అవ్వా అంటే, వాళ్లత్త అట్టనే చేసింది గనక. ఆది, సోమ, మంగళ, మూడు పొద్దులు పరగడుపున మేకపాలలో కలిపి తాపించేది. ఉప్పు, నూనె, చింతపండు లేని చప్పిడి కూడు తినాలి. చర్చి గంట కొట్టేలోగా అందరికీ తాపించి, చేతులు కడుక్కుని, తెల్లచీర కట్టుకుని పోయి ముందు వరసలో కూచునేది. ఎంత రుద్దినా వేళ్ల సందులు పచ్చగానే ఉండేవి. పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో మంత్రగాళ్ల మీద ఒక విసురు విసిరితే, ఆ వేళ్లను కొంగులో దాచుకునేది. మంత్రం ఆమె ఏనాడూ వెయ్యలేదు. మొక్క పీకేముందు కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకునేది, అంతే.

మేకపాలు తెచ్చేది మేకల పెద్దమ్మ. మా ఇంటి వెనకే వాళ్ల ఇల్లు, దాని పక్కనే మేకలదొడ్డి. వాళ్లు చర్చికి వచ్చేవాళ్లు కారు, కొండదేవరకు పొంగలి పెట్టుకునేవాళ్లు. అయినా ఆదివారం కోడి కూసేసరికి పెద్దమ్మ చెంబుతో పాలు తెచ్చి మా గడప మీద పెట్టేది. ఎవరికో మందు, ఆమె పాలు. ఒక్కనాడూ ఊరికే ఎందుకియ్యాలని అనుకోలేదు. మేక ఈనిందంటే నాకు పండగే. బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, మా అన్నకు తెలియకుండా నాకు ముందు పెట్టేది. ఆ జున్ను అడుగంటిన వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పెద్దమ్మకు పిల్లలు లేరు. 'మా పాప' అనే పిలిచేది నన్ను.

అవ్వ కళ్లకు పొర కమ్మింది. నేల మీద అంగుళం ఆకు కంటికి ఆనేది కాదు. అందుకని ఆదివారం తెల్లారకముందే నన్ను లేపేది. ఇద్దరం మాట్లాడకుండా చేల గట్ల వెంట పోవాలి. ఎవరైనా ఎదురొచ్చి యాడికి పోతా ఉండారంటే పలకకూడదు. చెప్పుల్లేకుండా నడవాలి. వానలు పడి పది రోజులైతే గట్ల మీద అదే మొలిచేది, జానెడు మొక్క, చింతాకుకు చెల్లెలి లాంటి ఆకు. పేరు ఏందే అవ్వా అంటే 'అది' అనేది. అది అంటే అదే.

'ఆకు తిప్పు,' అనేది నడుం పట్టుకుని నిలబడి. 'రెక్క కింద బిడ్డలుండాయా?'

రెమ్మను తిప్పితే, ఈనె కింద వరసగా ఆవగింజలంత పచ్చటి కాయలు. కోడి రెక్క కింద పిల్లల్ని పెట్టుకున్నట్టే. ఉన్నాయే అవ్వా అంటే, కాడ ఏ రంగు అనేది. ఎర్రకాడ అయితే వదిలెయ్. పచ్చకాడ అయితే వేరుతో పీకు, ఒక్క చేత్తో. ఆ తర్వాత ఒక ఆకు కొరికి ఉమ్మెయ్యమనేది. ఆ చేదు నాలుకకు అంటుకుంటే చర్చిలో పాటల దాకా పోదు. ఇట్టా రెండేళ్లు. చూసింది నేను, తిప్పింది నేను, కొరికింది నేను, సన్నికల్లు మీద నూరింది నేను, ఆ రాయి కడిగింది నేను. ఇవన్నీ చేసేటప్పుడు నేను ఆడపిల్లనన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మొక్క కంటే అదే పెద్ద విద్య అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మనిషి రాగానే అవ్వ కళ్లు చూసేది కాదు. ఆమెకు కనబడితే గదా. ముందు వంగి చీలమండ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కేది. వేలు తీశాక గుంట నిలిచిందా లేదా నన్ను చూడమనేది. తర్వాత ఆ మనిషినే అడిగేది, నీ పేరేంది, రాత్రి ఏం తిన్నావని. గుంట నిలిచినా, మాట తడబడినా, నిద్రమత్తులో జోగుతున్నా ఇక అంతే. 'ఇది నా చేతిలోది కాదు నాయనా. ఆత్మకూరు పెద్దాసుపత్రికి పోండి, ఇప్పుడే పోండి.' ఎంత బతిమాలినా కదిలేది కాదు. అంత దూరం నుంచి వస్తే వెళ్లగొడుతుందే ముసల్ది అని తిట్టి పోయినవాళ్లు ఉన్నారు. తిట్టించుకునేది, మందు మాత్రం ఇచ్చేది కాదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కలిగిరిలో అవ్వ చెల్లెలు జారిపడి కాలు విరగ్గొట్టుకుందని కబురొచ్చింది. అవ్వ పోక తప్పదు, పోతే నెలదాకా రాదు. ఈ లోపల ఎవరైనా వస్తే ఎట్టా? నాయన చర్చిలో పెద్ద, ఊళ్లో మాటున్న మనిషి. వచ్చినవాళ్లను తిప్పి పంపడం ఆయనకు నామోషీ. మందు ఎవరికైనా అప్పజెప్పి పొమ్మన్నాడు. తనకు చర్చి పనులతో తీరదన్నాడు. మా అమ్మ ఆ చేదు వాసన తనకు పడదని ముందే తప్పుకుంది. కోడలికి చెప్పొచ్చు, కొడుక్కి చెప్పొచ్చు, మనవడికి చెప్పొచ్చు. కూతురికీ మనవరాలికీ మాత్రం కూడదు. ఆడపిల్లకు చెబితే ఆ మందు దానితోపాటు అత్తారింటికి పోతుందట. మందేమన్నా మంచమా, బండిలో వేసుకుని పోవడానికి?

ఆ పొద్దున అవ్వ నన్నే లేపింది. పోయి 'దాన్ని' తెచ్చి పెట్టమంది. తెచ్చాను. మంచి మొక్క, రెక్క నిండా బిడ్డలు. నా చేతిలోంచి తీసుకుని, నిద్రకళ్లతో కూచున్న అన్న చేతిలో పెట్టింది. వాడికి పదమూడేళ్లు. నావైపు తిరిగి, 'నువ్వు బయటికి పో,' అంది.

మొక్క నేను తెచ్చి ఇస్తే నన్ను బయటికి పొమ్మంది. తలుపు బయట నిలబడి ఏడ్చాను. లోపల వాడి చెవిలో పేరు చెప్పింది, ఆకు తిప్పి చూపించింది, పాదం నొక్కడం గురించి కూడా చెప్పే ఉంటుంది. వాడు ఊఁ కొడుతున్నాడు, మధ్యలో ఆవలిస్తున్నాడు. అదీ నాకు వినబడింది.

ఆ సాయంత్రమే వాడు ఆ పేరు నాకు అమ్మేశాడు. అమ్మ నాకిచ్చిన రెండు పప్పుండలకు. 'నేల ఉసిరి, ఎవురికీ చెప్పబాక,' అని పప్పుండ నోట్లో వేసుకున్నాడు. ఓస్, ఇంతేనా అనిపించింది. రెండేళ్లు నేను ముట్టి, నూరి, కొరికినదానికి ఒక పేరుందన్న మాటే గదా. వాడి దగ్గర పేరుంది, నా దగ్గర మొక్క ఉంది. కానీ మందు వాడిదట.

అవ్వ కలిగిరి పోయిన రెండో ఆదివారం మా గడప మీద పాలచెంబు రాలేదు. పెద్దమ్మే వచ్చింది, వాళ్లాయన పెదనాయన భుజం పట్టుకుని. కళ్లు పసుపు పచ్చ. వారం నుంచీ జ్వరమని మేకల వెంట పోవడం మానేసిందట. అవ్వ లేదు గదా అని పెదనాయన సందేహించాడు. నాయన మాత్రం, ఎందుకు లేదు, మా వాడికి అప్పజెప్పే పోయింది, కూచోండి అన్నాడు. అన్నను లేపి చేలోకి పంపించాడు. నేను వెంట పోబోతే ఆపేశాడు. ఒక్కడే పోవాలి, అదీ పద్ధతి అన్నాడు. అవ్వ రెండేళ్లు నన్ను వెంటబెట్టుకుని పోయినప్పుడు ఆ పద్ధతి ఏమైందో ఎవరూ అడగలేదు.

పెద్దమ్మకు నీళ్లిస్తూ కింద కూచున్నాను. ఎవరూ చూడకుండా చీలమండ మీద బొటనవేలితో నొక్కాను. వేలు తీశాను. గుంట అట్టనే ఉంది.  అమ్మ దగ్గరికి పరుగెత్తి, పాదంలో గుంట పడింది, అవ్వయితే ఆత్మకూరు పొమ్మంటుంది అన్నాను. అమ్మ సంకటి కెలుకుతూ, వాచింది వానలో నడిచి, నోరు మూసుకుని ఆ పిడకలు తే అంది.

అన్న తెచ్చిన కట్టను నాయన నన్ను చూడనివ్వలేదు. వాడే నూరాడు. పాలు తాను తేలేకపోయినా ఆమె మేకల పాలలోనే కలిపి ఆమెకు తాపించారు. ఆమె కళ్లు మూసుకుని, అవ్వను తలుచుకుని, గటగటా తాగింది. మా అన్నకు దండం పెట్టింది. పదమూడేళ్ల వెధవకు!

తర్వాత సన్నికల్లు కడగడం నా పనే. నీళ్లు పోయబోతుంటే ముక్కుకు ఏదో తేడా కొట్టింది. చేదు వాసన లేదు. పచ్చి కందాకు నలిపినట్టుంది. రాతి అంచున నలగకుండా మిగిలిన రెమ్మ ఒకటి దొరికింది. తిప్పాను. కింద ఏమీ లేదు. ఒక ఆకు తీసుకుని రెండు చివర్లూ పట్టి లాగాను. బాణం మొన లాగా తెగింది.

మేకల వెంట తిరిగే ఏ పిల్లనడిగినా చెబుతుంది. వెంపలాకు లాగితే అట్టనే తెగుతుంది. ఎవరిది బాణం, ఎవరిది తోక అని మేం ఆడుకునే ఆట అది. మా బీడు నిండా వెంపలే. గడప దాటగానే కాళ్లకు తగులుతుంది, చేల గట్ల దాకా పోయి వంగి వెతికే పని లేదు. మా అన్న నిద్రకళ్లతో అంతదూరమే పోయాడు. వెంపలికి కూడా ఏదో గుణముందని తర్వాత ఎవరో అన్నారు. ఉంటే ఉండనీ, నాకు తెలియదు. అవ్వ మందు అది కాదు.

నాయనతో చెప్పాను. ఆయన తిట్టలేదు, నవ్వాడు. మొక్కలు చెప్పేదానివి నువ్వొకదానివా, వాడికి అప్పజెప్పింది అవ్వ, నీకు కాదు అన్నాడు. అన్నతో చెప్పాను. వాడి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం, నువ్వు మందు గురించి మాట్లాడితే మందు చెడతాది, పెద్దమ్మకు ఏమన్నా అయితే నీదే పాపం అన్నాడు. తప్పు వాడిది, పాపం నాదట!

సోమవారం మళ్లీ తాపించారు. మధ్యాహ్నం అమ్మ చప్పిడి జావ ఇచ్చి పంపితే పెద్దమ్మ ఇంటికి పోయాను. మంచం మీద జోగుతోంది. పెద్దమ్మా అని పిలిస్తే కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది.

'ఎవురు నువ్వు?' అంది.

జున్ను నాకు ముందు పెట్టిన మనిషి. మా పాప అని తప్ప పిలవని మనిషి. నేనే పెద్దమ్మా అంటే, మేకల్ని తోలుకొచ్చినావా అని అడిగి మళ్లీ కళ్లు మూసుకుంది. దొడ్లో మేకలు అరుస్తూనే ఉన్నాయి. పక్కన కూచున్న పెదనాయన మాత్రం, మందు లోపల పనిచేస్తా ఉండాది, మూడో పూటకు తేరుకుంటాదని నాకే ధైర్యం చెప్పాడు. ఇంటికొచ్చి మళ్లీ అమ్మకు చెప్పాను, నాయనకు చెప్పాను. నోరు మూసుకో అన్నారు ఇద్దరూ, ఒకే మాట.

నాకు అప్పుడు అర్థమైంది. గుంట పడిందంటే వినరు. ఇది వెంపలి అంటే వినరు. నిజం చెబితే వీళ్ల చెవికెక్కదు. వీళ్లు నమ్మేది ఒక్కటే, పేరు పైకి చెబితే మందు చెడుతుందని. అయితే ఆ ఒక్కటే నాకు మిగిలిన దారి.

మంగళవారం పొద్దున పెద్దమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చి మా పంచలో గుంజకు ఆనించి కూచోబెట్టారు. మూడో పూట కదా, చూడ్డానికి ఇరుగుపొరుగు కూడా వచ్చారు. నాయన పక్కన నిలబడ్డాడు. అన్న రెండు చేతులతో లోటా పట్టుకుని లోపలినుంచి వచ్చాడు. నేను వాడికి అడ్డం పోయి నిలబడి, నా గొంతు ఎంత పైకి లేస్తుందో అంత పైకి లేపి అన్నాను:

'నేల ఉసిరి. మందు పేరు నేల ఉసిరి. అన్నే చెప్పినాడు నాకు, రెండు పప్పుండలకు చెప్పినాడు.'

 నాయన ముందు అన్న వైపు చూశాడు, వాడు తల దించుకున్నాడు. తర్వాత నా వైపు వచ్చి కొట్టాడు. ఒక్క దెబ్బే, కానీ చెవి రెండు రోజులు హోరుమంది. నేను ఏడవలేదు. పెదనాయన చేతుల్ని చూస్తున్నాను. ఆయన అన్న చేతిలోంచి లోటా తీసుకున్నాడు. పసరంతా వాకిట్లో పారబోశాడు.

'చెడిపోయిన మందు తాపించి నా ఇల్లు ముంచుకోమంటావా?' అన్నాడు నాయనతో. ఇంకెవరి మాటా వినకుండా, బండి కట్టి ఉదయగిరికి తోలుకుపోయి, అక్కడినుంచి బస్సులో ఆత్మకూరు చేర్చాడు. బండి పోతుంటే పెద్దమ్మ కాళ్లు వెనకనుంచి కనబడ్డాయి, ఉబ్బిపోయి, నున్నగా. ఆ కాళ్లు రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు ఏడ్చాను.

పెద్దమ్మ బతికింది. ఇన్నాళ్లు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని డాక్టరు తిట్టాడని పెదనాయనే చెప్పాడు. బతికింది, నెల తర్వాత పుల్లలా తిరిగొచ్చింది. అంతటితో అయిపోయిందనుకుంటున్నారా? ఊరు ఏమందో వినండి. రెండు పూటలు పడిన పసరే ఆమె ప్రాణం పట్టి నిలిపిందట. మూడో పూట కూడా పడి ఉంటే ఆసుపత్రి పనే లేదట. వాడు చిన్నవాడైనా చెయ్యి మంచిదట. ఆ పిల్ల చెడగొట్టింది గానీ!

తర్వాత ఈనిన మేక జున్ను పెద్దమ్మ మా అన్నకే ముందు పెట్టింది. నాకూ పెట్టింది, కాదనను. పెడుతూ, కోపంగా కాదు, ఎంతో ప్రేమగా నా తల నిమిరి అంది: 'నువ్వు ఆ పొద్దు అట్టా అరవకుండా ఉంటే, మూడో పూటకే లేచి కూచునేదాన్ని గదా పాపా.' జున్ను గిన్నె కింద పెట్టేశాను. నాయన కొట్టిన దెబ్బ మర్చిపోయాను. ఆ మాట మర్చిపోలేదు.

అవ్వ వస్తుంది, అవ్వ తేలుస్తుంది అని రోజులు లెక్కపెట్టాను. అవ్వ వచ్చింది. ఊరంతా తలా ఒక మాట ఆమె చెవిలో వేసింది.  అవ్వ పెరట్లోకి పోయి, చూరు కింద గోడవారగా అన్న విసిరేసిన కాడల కట్ట తీసింది. ఎండిపోయాయి కానీ ఆకు ఇంకా ఉంది. కంటికి దగ్గరగా పెట్టుకుంది. వేలితో ఈనె కింద తడిమింది. ఒక ఆకు లాగింది.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అవ్వకు తెలిసిపోయింది. నేను చూస్తున్నానని కూడా తెలిసింది. ఇప్పుడు నాయనను పిలుస్తుంది, ఇప్పుడు అన్నను పిలుస్తుంది అనుకున్నాను. అవ్వ ఆ కట్టను తీసుకుపోయి నీళ్లపొయ్యిలో పెట్టింది. కాలిందాకా కదలకుండా నిలబడింది. ఆ తర్వాత ఎవరొచ్చినా, నా చెయ్యి పోయింది నాయనా, ఇక ఇయ్యను అనేది. దానికి కారణం కూడా నేనే అయ్యాను. ఆ ఇంటి మందు ఆపించిన పిల్ల. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా నవ్వుతూ ఆ కథ చెప్పారు మా వాళ్లు.

చాలా ఏళ్లకు, నేను టీచరు ఉద్యోగంలో చేరాక, అవ్వ మంచాన పడింది. కళ్లు పూర్తిగా పోయాయి. ఒక పొద్దున చేలోకి పోయి ఒక నేల ఉసిరి మొక్క పీక్కొచ్చి ఆమె అరచేతిలో పెట్టాను. తడిమింది. బొటనవేలు నేరుగా రెక్క కిందికి పోయింది. ముఖం విప్పారింది. అప్పుడడిగాను, ఆ రోజు నేను చేసింది తప్పా అని.

'తప్పు గాదు,' అంది వెంటనే. ఇన్నేళ్లూ నాలుక చివరే పెట్టుకున్నట్టు. 'నువ్వు అరవకపోతే ఆ మేకలోళ్ల బిడ్డ సచ్చిపోయేది.'

'మరి నలుగురిలో ఆ మాట ఎందుకు చెప్పలేదే అవ్వా?'

'చెప్తే నీ అన్నకు మర్యాద ఉంటాదా? మొగబిడ్డ. ఊళ్లో బతకాల్సినోడు.'

నేను ఊళ్లో బతకాల్సిన దాన్ని కాదు గనక నా మర్యాద పోయినా పర్వాలేదు. అవ్వ మీద నాకున్న ప్రేమ తగ్గలేదు. ఆమె బొటనవేలు ఎంతమందిని బతికించిందో నాకు తెలుసు, లెక్క ఎవరూ రాయలేదు గానీ. కోపం మాత్రం అట్టనే ఉంది. రెండూ ఒక చోటే ఉన్నాయి, దేన్నీ తీసి పారెయ్యలేను.

మొన్న ఆ పోస్టు చూశాక ముందు అన్నకు ఫోన్ చేశాను. ఒరే, అది వెంపలిరా అన్నాను.  'వదిలెయ్ మే, ఎవురికి తెలస్తాది,' అన్నాడు. తప్పు దిద్దుతానని కాదు, ఎవరికి తెలుస్తుందని!

ఫోన్ పెట్టేసి గ్రూపులో నేనే రాశాను. అన్న పెట్టిన ఫొటో వెంపలిదని రాశాను. అవ్వ ఇచ్చింది నేల ఉసిరి అని, రెమ్మ తిప్పితే రెక్క కింద బిడ్డలుండాలని రాశాను. ఇవన్నీ తెలిసినా ఇంట్లో నూరుకుని తాగొద్దు, కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, పాదం నొక్కితే గుంట పడినా, మాట తడబడినా ఆ క్షణమే ఆసుపత్రికి పోండి, అవ్వ కూడా అదే చెప్పేది అని రాశాను. ఒక్కరూ దండం పెట్టలేదు. ముసలాడైపోయిన నాయన మాత్రం ఫోన్ చేసి, ఇప్పుడెందుకు ఇవన్నీ, వాడికి చిన్నతనం గదా అన్నాడు. ఆ గొంతులో మునుపటి బలం లేదు, మాట మాత్రం మారలేదు.

నిన్న సాయంత్రం బడినుంచి వచ్చేసరికి ఇంకో ఫోన్. అన్న కూతురు, పదకొండేళ్లది. వాళ్ల నాన్న ఫోన్‌తో, పెరట్లోంచి, గుసగుసగా.

'అత్తా, నాన్న ఫొటో తీసిన చెట్టు కాడ ఉండాను. అన్ని రెమ్మలూ తిప్పి చూసినా. బిడ్డలు లేవే?'

లేవమ్మా అన్నాను. నాన్నకు చెప్పినావా అని అడిగాను.

'చెప్పినా. నోరు మూసుకోమన్నాడు.'

నాకు మళ్లీ చెవిలో హోరు మొదలైంది. 

'మూసుకోబాక,' అన్నాను. 'ఇంట్లోకి పోయి మళ్లీ చెప్పు. గట్టిగా చెప్పు. నేను లైన్లోనే ఉంటాను.'